నూట డెబ్బై పీరియడ్లు

ఆగస్టు. రాత్రి పదకొండు దాటినా
వంటింటి కిటికీలో ఇంకా వెలుతురు.
అలాస్కా చివర, సముద్రంలోకి చాచిన
ఈ గులకరాళ్ళ నాలుక మీద కూర్చుని
ఏడాదినంతా బల్ల మీద పరిచాను,
కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చిన క్యాలెండరు వెనకవైపు.
నూట డెబ్బై పీరియడ్లు. నలుగురు పిల్లలు.
ఒక కలనగణితం.

పుస్తకాలు ఇంకా దారిలోనే ఉన్నాయట,
పొగమంచు విడితే విమానం దిగుతుందట.
సరే, సెప్టెంబరంతా అవధులు.
వాటికి పుస్తకం అక్కర్లేదు.
దగ్గరవుతూ, ఇంకా దగ్గరవుతూ, చేరకపోవడమంటే ఏమిటో
విమానం చప్పుడు కోసం చెవులు రిక్కించే ఊరికి
నేను చెప్పాలా?

అక్టోబరుకి అవకలనం,
ఒడ్డున నీళ్ళు జావలా చిక్కబడే రోజులు.
గొలుసు నియమానికి ఆరు పీరియడ్లు రాసి
కొట్టేసి తొమ్మిది చేశాను.
ఒరిన్ ఉన్నాడుగా, వాళ్ళ షెడ్డులో మంచుబండి విప్పదీసి ఉంటుంది.
పిడి తిప్పితే ఇంజను, ఇంజను తిప్పితే బెల్టు,
బెల్టు తిప్పితే కింద పట్టా.
ఆ తొమ్మిదిలో ఒకరోజు
నల్లబల్లకి సెలవు, చేతులకి గ్రీజు.

డిసెంబరు మొదటి వారం సూర్యుడు మునుగుతాడు,
నెల్లాళ్ళు లేవడు.
పగటి పొడవు సున్నా, దాని మార్పు రేటూ సున్నా.
గరిష్ఠాలూ కనిష్ఠాలూ అక్కడ పెట్టాను.
బల్లపరుపుగా గీత గీస్తే మార్లీస్ ఏమంటుందో ఇప్పుడే వినిపిస్తోంది:
"ఇదేం కనిష్ఠం టీచర్, ఇది నేల."

జనవరిలో ఒక మధ్యాహ్నం
మంచు అంచున గోరంత ఎరుపు.
ఆ రోజుకి పాఠం లేదు, ఒక్క వాక్యమే రాసుకున్నాను:
గీత ఎక్కడా తెగలేదు, కానీ స్పర్శరేఖ నిలవదు.
ఎడమనుంచి వస్తే వాలు సున్నా,
కుడివైపు అడుగేస్తే నిట్టనిలువు.
అవిచ్ఛిన్నమే, అవకలనీయం కాదు.
పుస్తకంలో ఈ ముక్కకి మొండి మూల ఒకటి గీసి వదిలేశారు.
మాకు బడి మెట్ల మీద నిలబడితే చాలు.

మార్చిలో సమాకలనం.
అప్పుడే టిల్లీ, వాళ్ళ నాయనమ్మ
పడవ చట్రానికి సీలు తోళ్ళు కుడుతుంటారు,
నీటిబొట్టు దూరని చిన్న చిన్న కుట్లు.
ఇంకా చిన్నవి, ఇంకా ఎక్కువ.
కుట్టు కనిపించనంత చిన్నదయ్యాక
మిగిలేది పడవ.

జిల్లా ఆఫీసు పంపిన నమూనా ప్రణాళికలో
ఏప్రిల్: పునశ్చరణ. మే: పరీక్ష.
ఆ కాగితం రాసినవాళ్ళకి సముద్రం గడ్డకట్టదు.
పోయినేడు ఏప్రిల్ ఇరవై రెండున మంచు చీలింది.
తెల్లారేసరికి క్లాసులో నేనూ, గడియారమూ.
రిజిస్టరులో అందరికీ గైర్హాజరు వేసి
పడవ యజమాని ఆమోస్ దగ్గరికి పోట్లాటకి వెళ్ళాను.
ఆయన తాడు చుట్టడం ఆపకుండా అన్నాడు:
"మీ పరీక్ష మళ్ళీ ఏడూ వస్తుంది టీచరమ్మా.
తిమింగలానికి తేదీ మార్చుకోమని మీరే చెప్పిరండి."
మూడోరోజు నా గుమ్మం ముందు
నల్లటి తోలుతో, గులాబీరంగు కొవ్వుతో నా వాటా.
పడవెక్కినవాళ్ళకీ, గైర్హాజరు వేసినదానికీ.

అందుకే ఈసారి ఏప్రిల్ పదిహేనుకి అంతా ముగించాలి.
ఆ తర్వాత గడులన్నీ ఖాళీగా ఉంచాను.
అవధి అంటే గడువు కూడా, ఇన్నేళ్ళకి తట్టింది నాకు.

మార్జిన్‌లో ఎర్రసిరాతో:
సమాకలనం చివర స్థిరాంకం మరిచిపోతే అర మార్కు కోత.
ఎంత వేగంగా మారామో తెలిసినా
ఎక్కడ బయల్దేరామో ఆ లెక్కలో దొరకదు,
విడిగా ఎవరో చెప్పాలి.
ఈ పిల్లల్ని అడిగితే చెబుతారు. నన్నడిగితేనే తడబాటు.

చివరికి గడులన్నీ కూడాను.
నూట డెబ్బై ఆరు.
రబ్బరు ఎక్కడ పెట్టానో. కిటికీలో ఇప్పుడు కాస్త మసక.
మళ్ళీ సెప్టెంబరు నుంచి.