గూడ్సు పోనీ

పాతసామాన్ల ఖాజామియా తూకమేసి ఇచ్చినాడు,
ఎనభై రెండు కిలోలు.
"ఇనుము రేటేనమ్మా, అద్దం ఊరికే."
గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
ఎవరెవరో ఆడి విడిచిన పిన్‌బాల్ మిషను
నా కుట్టుమిషను పక్కన నిలబడింది,
మూడు కాళ్ల మీద, ఒక ఇటికరాయి మీద.

రవికలు కుట్టే చెయ్యి నాది.
తెలిసిన మరమ్మత్తు ఒకటే, నూనె పొయ్యడం.
కాయిలుకు రెండేసి చుక్కలు పోసినా.
మూడోరోజుకు దుమ్మూ నూనే కలిసి హల్వా.
రేడియో ఖలందర్ చూసి నెత్తి కొట్టుకున్నాడు:
"ఇది ఎండుగా బతికే మిషను తల్లీ,
నూనె చూపిస్తే చస్తాది."

అప్పటినుంచి తుడుపే తుడుపు.
రేకుకూ రేకుకూ నడుమ
పెళ్లిపత్రిక ముక్క దూర్చి లాగుతా.
తెల్లగా పోయి నల్లగా వస్తాది.
ఏ పెండ్లికూతురి పేరో మసైపోయింది, పాపం.
కొట్టే రెక్కలకు సైకిల్ ట్యూబు ముక్కలు.
గోలీ, లారీ బేరింగుది.
ఫ్యూజుకు బదులు తీగ చుట్టిన రాత్రి సంగతి
ఎవరికీ చెప్పలా.

చిల్లర పడే తలుపు లోపల, పెన్సిల్ రాత:
"టిల్ట్ రిపేరు కాదు. గూడ్సు పోనీ. ఓబులేసు, 81."
ఏం గూడ్సో, ఎవరి ఓబులేసో.

ఒక ఆదివారం బల్బులు వెలిగినాయి.
అంకెల చక్రాలు గరగరా తిరిగి సున్నాకొచ్చినాయి,
మూడోది తప్ప. అది ఏడు దగ్గర మొండికేసింది.
మొదటి గోలీ
రెండు రెక్కల నడుమ నేరుగా జారి పడిపోయింది.
నేను చప్పట్లు కొట్టినా.

ఆట పట్టు చిక్కే వేళకు
ఎర్రదీపం. టిల్ట్.
ముట్టనైనా ముట్టలా, ఊపినావంటాది.
పదిరోజులు తీగ తీగా వెతికినా.
లోలకం విప్పినా, బిగించినా, తిట్టినా.

ఆ రాత్రి హుక్కులు కుడుతుంటే
బల్ల మీద చాయ్ గ్లాసు సన్నగా వణికింది.
కిటికీ అవతల బొగ్గు పెట్టెలు,
ఒకటెనక ఒకటి, ఒకటెనక ఒకటి.
మిషను గుడ్డిగా ఎర్రబడింది.
నవ్వొచ్చి సూది గుచ్చుకున్నా.

లోలకం రవ్వంత పైకి జరిపితే చాలు, అన్నాడు ఖలందర్.
జరపలా.
గోలీ పిడికిట్లో పెట్టుకొని నిలబడతా,
గార్డుపెట్టె దీపం దాటేదాకా.
గోలీ వెచ్చబడతాది.

ఓబులేసు రాత కింద
నేనూ పెన్సిల్‌తో రాసి పెట్టినా, ఎవరికైనా పనికొస్తాదని:
"నూనె వద్దు. మూడో చక్రం ఏడు దగ్గర అలుగుతాది.
చౌడేశ్వరి, టైలరు."