నమూనా సంతకం

కోటగుమ్మం సందులో
పాళీలు సాన పట్టే నా బల్ల మీదికి
మండపేట నుంచి గుబ్బల సత్తిపండు
పాత హీరోయిన్ ఫొటోలు మూడు తెచ్చాడు,
ఇస్త్రీ లుంగీ మడతల్లో
పూతరేకుల్లా ఒకదానికొకటి తగలకుండా.

"హేమనళిని గారు ధవళేశ్వరం షూటింగులో
మా నాన్నకి స్వయంగా పెట్టిచ్చారండీ.
బెజవాడ బేరగాడు ఒక్కోటీ పదివేలంటున్నాడు.
మీరు ఔనంటే చాలు."

భూతద్దం అక్కర్లేకపోయింది.
మూడూ ఒకదానిమీదొకటి పెట్టి
కిటికీ ఎండకి పట్టాను.
మూడు సంతకాలూ ఒక్కటే అయిపోయాయి.

లాకు దాటే నీళ్ళు
ఏ రెండుసార్లూ ఒక్కలా సుడి తిరగవోయ్.
ఇదిగో, "ళి" దగ్గర ఊపిరి బిగబట్టాడు.
చివర తోక దించబోయి జంకాడు.
ఆగినచోట సిరా మడుగు కట్టింది.

సత్తిపండు ఏమీ అనలేదు.
టీ తాగి, గ్లాసు కడిగి మరీ పెట్టి వెళ్ళాడు.
చూపుడువేలికి నీలం మరక.

మర్నాడు బ్యాంకులో
నా డిపాజిట్టు కాయితం వెనక్కొచ్చింది.
"సంతకం కలవట్లేదు తాతగారూ."
కౌంటరులో పిల్ల కంప్యూటరు ఇటు తిప్పి
పద్దెనిమిదేళ్ళనాటి నన్ను చూపించింది.
"దీన్ని చూస్తూ అచ్చం ఇలాగే పెట్టండి."

చూశాను.
ఎవరిదో చెయ్యి, వణుకు లేనిది.
ఊపిరి బిగబట్టాను.
ఒత్తు దగ్గర ఆగాను.
తోక దించబోయి జంకాను.
సిరా మడుగు కట్టింది.

రెండూ పోల్చి
టపీమని ముద్ర కొట్టింది:
"ఆఁ, ఇప్పుడు మీదేనండీ."