మూడో కాపీ

కిసుములో యూనివర్సిటీ గేటు బయట
నాదొక బైండింగ్ కొట్టు.
ఎనిమిదో తరగతి దాటని వేళ్ళతో
ఎమ్మెస్సీల వెన్నులు కుడతాను.
నీలి అట్ట, బంగారు అక్షరాలు.
లోపల ఏముందో నాకెందుకు?
చదువు నాకు అంగుళాల మందంలోనే తెలుసు.

అపోండి మూడు కాపీలు చెప్పి
రెండింటికే డబ్బిచ్చింది.
"మూడోది నీ దగ్గరే ఉండనీ పెద్దాయనా."
నూట పన్నెండు పేజీలు,
అన్నీ చేప తోలు గురించే!
నవ్వొచ్చింది.
తోలు ఒలిచి పారేసే ఇంట పుట్టి
తోలు మీద మూడేళ్ళా?
ఆ మూడేళ్ళూ రేవులో చేపలు కాలుస్తూ
పొగ మింగి ఫీజు కట్టింది వాళ్ళమ్మ.

వానల్లో గిరాకీ లేక ఒకరోజు తెరిచి చూశాను.
పొలుసు ఊడిన చోట వలకన్నుల్లాంటి గుంటల ఫొటో.
కింద ఒక్క వాక్యం అర్థమైంది:
కుళ్ళకముందే దీన్ని ఆపొచ్చు.
మిగతాదంతా రసాయనాలు.

ఒకప్పుడు చేపముక్కలు విమానమెక్కేవి,
తోళ్ళు కొంగలకు.
ఇప్పుడు రేవు వెనక రేకుల షెడ్డు,
పదకొండు మంది, తోలుకు తూకం, తూకానికి ధర.
ఆ ధర ఎంతదూరం నడిచిందో నేను చూశాను.
అడోయో ఇంటికి కరెంటు మీటరు,
మీటరు బిగించిన కుర్రాడికి బూట్లు,
బూట్లు కుట్టినవాడి కూతురికి
నా దగ్గర నోట్సు జిరాక్సు.
ఊరంతా తిరిగిన షిల్లింగు
చేప వాసనతో నా గల్లాలో పడింది.

అందరిదీ ఇలా కాదు.
గుర్రపుడెక్క మీద థీసిస్ రాసిన ఒకేయో
బైకు టాక్సీ నడుపుతాడు.
నన్ను మార్కెట్టుకు దింపేదీ అతనే.
సరస్సు కనిపిస్తే చాలు, బండి నెమ్మదిస్తుంది.
"ఆ పచ్చదనం ఎన్నాళ్ళకు రెట్టింపవుతుందో తెలుసా?"
తెలుసు. వందసార్లు విన్నాను.
తెలీదనే అంటాను.
ఆ చదువు అతని జేబులోకి రాలేదు,
కళ్ళలోంచి పోనూ లేదు.

మొన్న అపోండి వచ్చింది, పాత బాకీతో.
నోట్ల పక్కన బల్ల మీద ఒక చుట్ట పెట్టింది.
ముదురు నీలం అద్దిన చేప తోలు.
"అట్టలకు పనికొస్తుందేమో చూడు."
సూది గుచ్చాను.
దారం పట్టింది, చిరగలేదు.
"అడుగెంత?"
చెప్పింది.
"మూడో కాపీని ఆరేళ్ళు చెదల నుంచి కాపాడాను" అన్నాను.
నవ్వింది గానీ
ఒక్క షిల్లింగు తగ్గలేదు.