నాలుగు గంటల వ్యాను

గురువారం తెల్లవారుజామున నాలుగింటికి
కౌంటీ ఆఫీసు వెనక నిలబడి మంచు గీకుతాను.
అద్దం మీద ముందు నా అరచేయంత కన్ను తెరుచుకుంటుంది,
ఆ తర్వాత రోడ్డు.

ఈ వ్యాను ఎవరిదీ కాదు.
చర్చి కింది హాల్లో చేపల వేపుడు అమ్మితే సగం డబ్బు,
రంపపు మిల్లు మూతపడే ముందు రాసిన చివరి చెక్కు సగం.
తొమ్మిది సీట్లు. హీటరు గాలి వెనక వరస దాకా రాదు,
అందుకే అక్కడెప్పుడూ కుర్రవాళ్లు.
కుర్రవాళ్లంటే నలభై దాటినవాళ్లు,
ఎడారిలో పనిచేసి వచ్చి
చలిమీద ఇంకా మోజు తీరనివాళ్లు.

ఆసుపత్రి నూట పన్నెండు మైళ్లు.
మధ్యలో రెండు పెట్రోలు బంకులు, గడ్డకట్టిన ఒక సరస్సు,
లెక్కలేనన్ని జింకలు.

నేను సైన్యంలో చేయలేదు. మా తమ్ముడు చేశాడు.
వాడి సంగతి ఇక్కడ కాదు.

ముందు సీటు రేనో లైటిలాది. మోకాలు.
అతని వెనక అర్మాండ్ బుషే,
ఆక్సిజన్ సిలిండరుని మనవణ్ణి కూచోబెట్టినట్టు
పక్క సీట్లో కూచోబెట్టి బెల్టు పెడతాడు.
డార్లా ఓడల్లో ఇంజన్లు బాగుచేసిన మనిషి,
నేను బ్రేకు వేసినప్పుడల్లా పెదవి విరుస్తుంది.

మాటలన్నీ శాతాల్లోనే.
"చెవులకి పదిచ్చారు."
"వెన్నుకి నలభై అడిగితే ఇరవై."
"నిద్ర పట్టకపోతే ఎంతట?"
మనిషిని ముక్కలుగా తూచి
మొత్తం వంద దాటకుండా చూసుకునే ఆ లెక్క
ఆఫీసులో ఐలీన్‌కి కంఠతా వచ్చు.
ఆమె సొరుగులో దగ్గు బిళ్లలు, విరిగిన పెన్సిళ్లు,
ఇరవై ఏడు పేజీల ఫారం.
భర్త పోయినావిడ వస్తే ఫారం ముందు తీయదు.
కాఫీ పోసి,
"ఇంట్లో ఆయన్ని ఏమని పిలిచేవారు?" అంటుంది.
ఆ పేరుకి ఫారంలో గడి లేదు.
మూలన సన్నగా రాసుకుంటుంది.

మూడో వరసలో కిటికీ పక్కన లెరాయ్ కడోట్.
పదకొండు నెలల్లో ఒక్క గురువారం తప్పలేదు.
గుమ్మం దగ్గర అందరితో దిగుతాడు,
సాయంత్రం అందరితో ఎక్కుతాడు.
నా రిజిస్టరులో అతని పేరెదుట "చెవి" అని ఉంది.

ఫిబ్రవరిలో సీటు కింద అతని చేతితొడుగులు దొరికితే
ఇద్దామని చెవుల విభాగానికి వెళ్లాను.
ఆ పేరు వాళ్ల దగ్గర లేదు.
కళ్ల దగ్గర లేదు, ఎముకల దగ్గర లేదు.
కింద క్యాంటీనులో ఉన్నాడు,
అర్మాండ్ సిలిండరుకి ఒక కుర్చీ పట్టి ఉంచి,
డార్లాకి చక్కెర లేని కాఫీ తెచ్చి
చల్లారకుండా మూతపెట్టి.

తొడుగులు బల్లమీద పెట్టాను.
కాపలాలో ఉన్నవాడు చీకట్లో అడుగుల చప్పుడు విన్నట్టు
తలెత్తి చూశాడు.
నేనేమీ అడగలేదు.

అపాయింట్‌మెంటు లేనివాళ్లని ఎక్కించుకోరాదు.
నేనే టైపు చేసి డ్యాష్‌బోర్డుకి అంటించిన నిబంధన.
ఆ వారం చలికి టేపు ఊడింది.
మళ్లీ అంటించే తీరిక నాకు దొరకలేదు.

ఏప్రిల్లో అతని భార్య ఫోను.
"ఆ ఆసుపత్రిలో ఏం మందిస్తున్నారు?
ఒక్క గురువారం రాత్రే లైటార్పి పడుకుంటాడు.
మిగతా రోజులకీ రాసిస్తారేమో కనుక్కుంటావా?"
కనుక్కుంటానన్నాను.

ఐలీన్‌కి చెబితే కాసేపు పెన్సిలు చెక్కుకుంది.
మంగళవారం వ్యాను ఖాళీయే కదా అంది.
సరుకులు మేడ మీదికి మోయలేని ముసలివాళ్లు ఆరుగురున్నారంది,
ముగ్గురు మాజీలు, ముగ్గురు మాజీల భార్యలు.

ఇప్పుడు మంగళవారాలు లెరాయ్ నా పక్క సీట్లో.
బంగాళదుంపల సంచి కాళ్ల మధ్య పెట్టుకుని
మాట్లాడకుండా రోడ్డు చూస్తాడు.
రిజిస్టరులో ఇంకా "చెవి" అనే ఉంది.

జింక కనబడితే మాత్రం
డ్యాష్‌బోర్డు మీద వేలితో రెండుసార్లు తడతాడు.
ఆపుతాను. అది దాటుతుంది.
కాలు బ్రేకు మీంచి తీయబోతే
"ఉండు," అంటాడు,
"వెనకాల ఇంకోటుంటుంది."

ఉంటుంది.