ఘాటు వంక

కొత్తపేటలో లిఫ్టు పనిచేయని ఆసుపత్రి,
మూడో అంతస్తు.
ఆరేళ్లుగా నేను రాసిచ్చే టోకెన్ల మీద
అంకె తప్ప ఏమీ ఉండదు.
పేర్లు పిలవొద్దని డాక్టరు గారి మాట.
"పదిహేడు" అంటే ఒక ఇల్లాలు లేస్తుంది.
"పద్దెనిమిది" అంటే ఎవరూ లేవరు.
హాల్లో తెలిసినవాళ్లు కనబడ్డారని
మెట్ల మలుపులో గోడకి ఆనుకుని ఉంటాడు
పద్దెనిమిది.

ఇవాళ నాకూ ఒక అంకె వచ్చింది.
ర్యాంకు నలభై ఒకటి, ఎమ్మెస్సీ సైకాలజీ, సీటు ఖాయం.
ఫోను బోర్లా పెట్టి ఇరవై రెండుని పిలిచాను.
మళ్లీ తిప్పి చూశాను.
ఇంకా నలభై ఒకటే.

సీట్లు పంచడాన్నీ కౌన్సెలింగే అంటారు,
మా లోపలి గదిలో తలుపేసి జరిగేదాన్నీ కౌన్సెలింగే అంటారు.
మొదటిదానికి వెళ్లినప్పుడు
సర్టిఫికెట్లు తిరగేస్తూ గుమాస్తా అడిగాడు,
"బీకాం చదివి ఇదేంటమ్మా, కెజియా?"
ఇష్టం సార్ అన్నాను.
వెనక వరుస పొడుగ్గా ఉంది.

నిజం చెప్పాలంటే ఒక మార్చి నెల చెప్పాలి.
యార్డుకి సరుకు పోటెత్తే రోజులు.
నాగూర్ వలి అని ఒక హమాలీ,
నిద్ర పట్టక వచ్చేవాడు,
పొద్దుటి నుంచీ టిక్కీలు మోసిన అదే చొక్కాతో.
గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో
హాలంతా దగ్గు, తుమ్ములు.
ఆ కారాన్ని ఫ్యాను అందరికీ సమంగా పంచేది.
బయట కూర్చోవయ్యా అని కసిరేదాన్ని,
ఒకసారి కాదు.

ఆ రోజు మూల కుర్చీలో
ముక్కుపుడక రాయి ఊడిపోయిన ఒకామె,
మూడు నెలలుగా డాక్టరు ఎంత అడిగినా
కంట చుక్క రానివ్వనామె,
ఏడ్చేసింది.
కొంగు నోట్లో కుక్కుకుని
"ఘాటమ్మా, ఘాటు" అంది.
పక్కనున్న ఇంజనీరింగ్ కుర్రాడు
"అవునండీ, బాగా ఘాటు" అన్నాడు,
కళ్లద్దాలు తీసి.
పెళ్లానికి తోడొచ్చిన ఒకాయన కిటికీ వైపు తిరిగాడు.
తుమ్మనే లేదు, భుజాలు మాత్రం కదిలాయి.
అందరూ కలిసి మిరపకాయని తిట్టారు.
అందరి మొహాలూ వాన వెలిసినట్టయ్యాయి.

నా వల్లే అనుకుంటూ నాగూర్ వలి లేవబోతే
ముక్కుపుడకామె అంది,
"కూర్చో అన్నా, పర్లేదు."

నేనూ తుడుచుకున్నాను.
నా కారణం నాకు తెలుసు, ఇక్కడ రాయను.

ఎండాకాలం పోయాక అతను రాలేదు.
తగ్గి రాలేదో, తగ్గక రాలేదో.
ఆరా తీయాల్సిన పని నాది కాదు,
అప్పటికి.
ఫైలు ఇంకా రాక్‌లో ఉంది, నిన్న దులిపాను.
ఏమీ లేదు, మామూలు దుమ్మే.
అయినా కాసేపు ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

అరండల్‌పేటలో పాత పుస్తకం ఒకటి కొన్నాను.
ఎవరో సగం దాకా పచ్చ ఇంకుతో గీతలు గీసి మానేశారు.
కన్నీళ్ల మీద పేజీన్నర ఉంది.
వంకల మీద ఏమీ లేదు.

కాంపౌండర్ వీరరాఘవులు గారు విని
"ఇక్కడుండీ ఉండీ నీకూ అంటుకుందన్నమాట" అని నవ్వి,
నవ్వు ఆపి,
"మరి టోకెన్లు ఎవరు రాస్తారే?" అన్నారు.

అమ్మకి ఫోన్ చేశాను.
కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీస్తోంది,
ఫోను ఎవరో చెవి దగ్గర పట్టుకున్నట్టున్నారు.
"ఏం చదువే అది?"
మనుషులు ఎందుకు ఏడుస్తారో చెప్పే చదువమ్మా.
"దానికి చదువెందుకు?
చేతులు కడుక్కోకుండా కళ్లు నలుపుకుంటే ఏడుస్తారు."
వెనకాల ఆడవాళ్ల నవ్వులు.
తర్వాత గొంతు తగ్గించి, "ఫీజెంత?"

చెప్పాను.
అటువైపు కాసేపు కాయలు రాలిన చప్పుడే.

గడువు శుక్రవారం దాకా ఉంది.
"ఇరవై తొమ్మిది" అన్నాను.
ఎవరూ లేవలేదు.
ముప్పైని పిలవబోయి ఆగి,
పెన్ను టోకెన్ పుస్తకంలో పెట్టి మూసి
మెట్ల దాకా వెళ్లాను.