కాలి

మహేంద్రతనయ ఇసక, కంకర, ఇటిక,
సిమెంటు, ఊచ నావి.
చేతులు, తాపీ, చెక్కలు, కూలీల మీద తిట్లు నీవి.
ఇదీ మాట.

దైతారి బెహరా మేస్త్రి తలూపాడు.
చెవి మీంచి పెన్సిలు తీసి
నా కొలతల పుస్తకంలో
భుజం పద్నాలుగు, నడుం ముప్పయ్యారు ఉన్న పేజీ వెనక
ఒడియాలో రాశాడు.
పక్కనే నేను తెలుగులో రాసుకున్నాను.
ఇద్దరం ఒకే గది గురించి రాశామో లేదో అని
పాలబ్బాయి ఉద్ధబ్‌ని పిలిచి చదివించాను.
ఎందుకంటే అతని ఒకటి నా కంటికి తొమ్మిది.
పునాదికి పదివేలన్నది తొంభైవేలుగా కనపడి
గుండె జారి మెషిను తొక్కుడుపలక మీద పడింది.

పునాదికి పది. లింటెలుకి పదిహేను.
స్లాబు పోసిన సాయంత్రం ఇరవై. పూతకి పది.
ఆఖరి అయిదు వేలు మాత్రం
స్లాబు మీద నీళ్లు నిలబెట్టి
కింద చుక్క రాలకపోతేనే.
"నమ్మకం లేదేటమ్మా?"
"ఉంది మేస్త్రీ. అందుకే అయిదే పట్టేను."

పన్నెండడుగుల గోడని
నా జాకెట్ల టేపుతో కొలిచాను:
రెండు టేపులూ, పైన రెండడుగులూ.
అతను నవ్వాడు.
నవ్వకు, గోడకి కుట్లు విప్పలేం.

పునాది లేచింది. లింటెలు కూచుంది.
తర్వాత పర్లాకిమిడి మొత్తంలో
దైతారి ఎక్కడా లేడు.
ఫోను చేస్తే "కాలి" అంటాడు.
వాళ్ల మాటలో నిన్నా కాలే, రేపూ కాలే.
వచ్చి వెళ్లిపోయాడా, రాబోతున్నాడా,
పాతపట్నంలో ఇంకో ఇల్లు ఒప్పుకున్నాడా?
మూల బస్తాలో సిమెంటు కంటే ముందు
నేను గట్టిపడ్డాను.

పదకొండో రోజు సైకిలు తీశాను.
దారి పొడుగునా తిట్లు కుట్టుకుంటూ వెళ్లాను,
కొన్ని తెలుగులో, రెండు ఒడియాలో.
గుమ్మంలో వాళ్లావిడ కుంతల.
నేను నోరు తెరిచేలోపు తనే అంది,
చక్కటి తెలుగులో:
"నా జాకెట్టేది తౌడమ్మా?
రథానికని ఇచ్చేను. దసరా వచ్చేసింది."

నీలం గుడ్డ. చేతులు మాత్రమే కుట్టాను.
మూడుసార్లు రేపన్నాను.

కుట్టిన తిట్లన్నీ
ఒక్కొక్కటే విప్పుకుంటూ తిరిగొచ్చాను.
ఆ రాత్రి మెషిను ఆగలేదు.
పదమూడో రోజు పొద్దున్నే
గుమ్మం ముందు సెంట్రింగు చెక్కలు దిగాయి.
జాకెట్టు ఊసు అతనెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు చెక్కలు విప్పేశారు.
పైన గట్టు మధ్య నీళ్లున్నాయి.
కింద చాప పరుచుకుని
వెల్లకిలా పడుకుని చూస్తున్నాను.
అయిదు వేలూ సొరుగులో, బాబిన్ల కింద.
ఈశాన్యం మూల అది తడో నీడో.
టార్చి వేస్తే లేదు, ఆర్పితే ఉంది.

కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటూ అడిగాడు:
"చూసేవామ్మా?"
"చూస్తన్నాను."
"మరి డబ్బు?"
నోటికి అతని మాటే వచ్చింది.
"కాలి."

ఏ కాలో అతనడగలేదు.