అడ్వాన్సు పుచ్చుకునే ముందు

నేను ముందు కెమెరా తియ్యను.
డైరీ తీస్తాను.
ఎరువుల కొట్టువాళ్లు పంచింది, ఏ సంవత్సరానిదో,
తారీఖులు తప్పు, కాగితం మంచిది.

అంబాజీపేట దాటాక కాలవ గట్టు మీద ఇల్లు.
వాకిట్లో పీచు ఆరబోసి ఉంది,
బండి ఎక్కడ ఆపాలో తెలియక కాసేపు నిలబడ్డాను.
"తొక్కెయ్యండి, ఏం కాదు" అన్నారెవరో లోపల్నించి.

ముహూర్తం ఎన్నింటికండి?
రాత్రి రెండూ పదిహేడు.
జనరేటర్ ఉందాండి?
ఉంది గానీ దాని సంగతి మా బావమరిదికే తెలుసు.
ఆయన వస్తారాండి?
ఇక్కడ కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
"జనరేటర్" పక్కన చిన్న చుక్క పెట్టుకున్నాను.

మగపెళ్లివారిది నరసాపురం.
పంటు మీద దాటుతారు, ఆఖరి పంటు తప్పిపోతే
చించినాడ వంతెన మీంచి చుట్టు తిరిగి రావాలి.
అదీ రాసుకున్నాను, పెళ్లికొడుకు బట్టలు నలుగుతాయని.

వరసలు అడగడమే కష్టం.
మేనత్తలు ఎంతమంది, ముందు ఎవరు నిలబడాలి,
ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టకూడదు.
మూడోదానికి ఎవరూ పైకి చెప్పరు,
కాఫీ గ్లాసు ఇచ్చేటప్పుడు వంగి చెప్తారు.
మంగతాయారు గారు అలాగే వంగారు:
"గ్రూపు ఫొటోలో మా తోటికోడల్ని ఆ చివర పెట్టండి బాబూ,
నేను చెప్పానని అనకండి."
తర్వాత పెరట్లో ఆవిడా అదే చెప్పింది, ఈవిడ గురించి.
చివరలు రెండున్నాయి కదా, ఇబ్బంది లేదు.

నూకరాజు గారు బల్ల మీద కూర్చుని
అన్నిటికీ "ఆయ్" అంటున్నారు.
ఎడమ చేతి మీద తువ్వాలు.
ఎండాకాలం, చెమట తుడుచుకోడానికి అనుకున్నాను.
మీకేమైనా ప్రత్యేకంగా కావాలాండి?
"మాదేముందండి, పిల్లని బాగా తియ్యండి.
నన్ను మటుకు దగ్గర్నించి వద్దు."
రాసుకున్నాను: తండ్రి, దూరం నుంచి.

బండి స్టార్ట్ చేస్తుంటే లోవకుమారి వచ్చింది,
చెప్పుల్లేకుండా, పీచు తొక్కుకుంటూ.
"గోడ మీద ఫొటోలు చూశారా?"
చూశాను. ఆరున్నాయి.
"ఒక్కదాంట్లోనూ నాన్న ఎడమ చెయ్యి లేదు.
పీచు మిల్లులో రెండు వేళ్లు పోయాయి,
నేనప్పుడు నాలుగో తరగతి.
ఆనాటినించీ కెమెరా కనపడితే తువ్వాలు.
కన్యాదానంలో రెండు చేతులూ పెట్టాలి కదండీ,
తువ్వాలు పంతులుగారే తీయించేస్తారు.
అది కావాలి నాకు."
దగ్గర్నించా?
"ఉన్న మూడు గోళ్లూ కనపడాలి."

నా ప్రశ్నల్లో ఈ ప్రశ్న లేదు.
ఇరవై రెండేళ్లుగా
ఎన్ని వందల మంది తండ్రుల ముఖాలు తీశానో,
చేతుల సంగతి ఎవరినీ అడగలేదు.

గన్నవరం అక్విడెక్టు దగ్గర ఆగి డైరీ తెరిచాను.
ఇక్కడ పైన కాలవ, కింద వైనతేయ.
రెండూ గోదారి నీళ్లే,
ఒకదాన్నొకటి తాకకుండా అడ్డంగా పోతాయి.
ఒక గీత మీద: తండ్రి, దూరం నుంచి.
కింద గీత మీద: తండ్రి చెయ్యి, దగ్గరగా.
దేన్నీ కొట్టెయ్యలేదు.

ఫ్లాష్ వెయ్యను. అది మాత్రం తేల్చుకున్నాను.
పొడుగు లెన్సు తెచ్చుకుని పందిరి చివర,
జనరేటర్ పక్కన, ఆ డీజిల్ కంపులో నిలబడతాను.
ఆయన అడిగిన దూరం ఆయనకుంటుంది.

జనరేటర్ అనుకోగానే గుర్తొచ్చి ఫోన్ చేశాను.
నూకరాజు గారూ, మరో చిన్న సంగతి,
మీ బావమరిది గారి నంబరు ఒకసారి చెప్తారాండి?
అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు.
తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్క అంకే,
ఎక్కడా తడుముకోకుండా,
ఏ పుస్తకంలోనూ చూడకుండా చెప్పారు.